పొలిమేర ఊళ్ల ఘనతలు

కోవెలకుంట్ల ఉన్నచోటే ఉంది. జిల్లాలు మాత్రం మూడు మారింది. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని అక్కడ ఉరి తీసిననాటికి అది కడప జిల్లా ఊరు. 1858లో దాన్ని కర్నూలు జిల్లాలో కలిపారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక నంద్యాల జిల్లాకు పోయింది. జనానికి భయం పుట్టాలని కుంఫిణీవాళ్లు రెడ్డి తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉందంటారు. అంటే ఆ తల వేలాడుతుండగానే కింద జిల్లా మారిపోయింది! జిల్లాల చరిత్రలో ఇంతకంటే వింత రికార్డు మన దగ్గర మరొకటి ఉందా అంటే అనుమానమే.

కర్నూలు జిల్లా పటమే అతుకుల బొంత. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించి కంపెనీ కలుపుకున్న ముక్క ఒకటి. 1858లో బళ్లారి నుంచి తెచ్చుకున్న పత్తికొండ ఒకటి. 1953లో అదే బళ్లారి నుంచి వచ్చిన ఆదోని, ఆలూరు ఇంకో రెండు. 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపంతా ఇచ్చేసింది. ఇన్నిసార్లు కత్తిరించి కుట్టాక సరిహద్దు ఎక్కడుందో కాగితాలకు తెలుసుగానీ మనుషులకు ఎట్లా తెలుస్తుంది? ఆలూరు దాటి పడమటికి పోతే ఆ గీత ఎక్కడా కనబడదు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే జొన్న. కర్నూలు జిల్లాలోనే కన్నడ మాధ్యమం సర్కారు బళ్లున్నాయి. ఇంట్లో కన్నడం, సంతలో తెలుగు, పొలంలో రెండూ కలిపి మాట్లాడే ఊళ్లవి.

1953 నాటి పంపకం అంత సులువుగా ఏమీ జరగలేదు. బళ్లారి జిల్లాలో పది తాలూకాలు. తెలుగువాళ్లు ఎక్కువని ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరుకు పోయాయి. బళ్లారి తాలూకా ఒక్కటి తేలక జస్టిస్ మిశ్రా కమిషన్ దాకా వెళ్లి, చివరికి అదీ మైసూరుకే దక్కింది. అట్లా కోర్టుకూ కచేరికీ బళ్లారికి పోయే ఆదోని మనిషి, 1953 అక్టోబరు 1 తెల్లవారేసరికి కర్నూలు జిల్లావాడయ్యాడు. వెనకబడ్డ మూల అనకండి, ఆ కర్నూలు ఆ రోజు నుంచే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని!

ఈ అంచు ఊళ్లను మారుమూల ఊళ్లని తీసిపారేయడం మనకు అలవాటు. కానీ మొదటిది, పెద్దది, పాతది, మరెక్కడా లేనిది అనిపించుకున్నవి వెతుక్కుంటూ పోతే కాళ్లు తిరిగి తిరిగి ఈ పొలిమేరలకే చేరతాయి. దానికో కారణం ఉందని నా నమ్మకం. రాజులు తమ మాటను రాజధానిలో నోటితో చెబుతారు, సరిహద్దులో రాయి మీద చెక్కిస్తారు. ఆ తర్వాత వచ్చిన రాజులకు ఆ మూల గుర్తుండదు. అందుకే రాయి మిగులుతుంది.

దేవరగట్టు కర్రలు

హొళగుంద మండలం కర్ణాటకను ఆనుకునే ఉంటుంది. దేవరగట్టు కొండ మీద మాళమల్లేశ్వరస్వామి గుడి. దసరా రాత్రి ఇక్కడ జరిగే బన్ని ఉత్సవాన్ని పత్రికలు 'కర్రల సమరం' అంటాయి. మరునాడు ఎంతమంది తలలు పగిలాయో లెక్క వేస్తాయి. ఆ లెక్క అబద్ధం కాదు. ఏటా పదుల మంది గాయపడతారు, ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. అయితే ఆ లెక్కతో ఆగిపోతే దేవరగట్టులో ఉన్న అసలు వింత సగం చేజారినట్టే.

వింత కొట్లాటకు ముందే మొదలవుతుంది. ఉత్సవ విగ్రహాలను కాపాడే బాధ్యత నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లది. ఈ మూడు ఊళ్లవాళ్లు ముందుగా పాలమీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారు. దాన్ని పాలబాస అంటారు. మనలో మనకు తగాదాలు లేవు, పాత పగలు లేవు, కట్టుబాటుగా ఉంటాం అని. అవతల అరికెర, ఎల్లార్తి, సుళువాయి, బిలేహాల్ లాంటి ఊళ్లవాళ్లుంటారు. మణి, మల్లాసురులనే రాక్షసులను శివుడు ఈ గట్టు మీదే చంపాడని కథ. అర్ధరాత్రి కొండ మీద కల్యాణం జరిపించి, దివిటీల వెలుగులో విగ్రహాలను కిందికి దించుతారు. ఇనుప తొడుగులు బిగించిన కర్రలు పైకి లేస్తాయి. "డుర్ర్ గోపరాక్" అనే కేక గట్టంతా మోగుతుంది. విగ్రహాలను మావైపు తిప్పుకుంటామని వాళ్లు, కదలనివ్వమని వీళ్లు. వెలుగు చాలని ఆ చీకట్లో తగిలే దెబ్బల్లో సగం ఎవరికి ఎవరు వేశారో తెలియదు. దివిటీల నిప్పుతో కాలినవాళ్లూ ఉంటారు. దెబ్బ తగిలినవాడు ఆసుపత్రికి పరుగెత్తడు. గాయం మీద బండారు, అంటే పసుపు, అద్దుకుని మళ్లీ గుంపులోకి దూరతాడు.

ఊరేగింపు పాదాలగట్టు మీదుగా రక్షపడకు చేరుతుంది. మణి, మల్లాసురులు ఏటేటా నరబలి అడిగితే స్వామి ఒప్పుకోక పిడికెడు రక్తం ఇప్పిస్తానన్నాడట. ఆ మాట ప్రకారం పూజారి తన తొడ దగ్గర గీసుకుని కాస్త రక్తం చిందిస్తాడు. తర్వాత జమ్మిచెట్టు. తెల్లవారుతుండగా బసవన్న గుడి దగ్గర కార్ణికం. అప్పటిదాకా కర్ర తిప్పిన మనుషులంతా అక్కడ గప్‌చిప్. ఎందుకంటే ఆ ఏడు వాన ఏ దిక్కున పడుతుందో, పత్తి ధర ఎంత పలుకుతుందో, జొన్న ఎంతకు పోతుందో పూజారి నోటినుంచి వచ్చేది అప్పుడే. రాత్రంతా కొట్టుకున్న ఊళ్లు తెల్లారి మార్కెట్ ధర కోసం చెవులు రిక్కించి నిలబడటం నా దృష్టిలో దేవరగట్టు అసలు రికార్డు. వాన మీదా ధర మీదా బతికే రైతుకు దేవుడి దగ్గర అడగాల్సింది ఇంకేముంటుంది?

కార్ణికం ఈ ఒక్క గట్టుది కాదు. కర్ణాటకలో మైలార లింగడి జాతరలోనూ ఉంది. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని డమరుకం వాయిస్తూ ఆడే గొరవయ్యలు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. 1953లో తాలూకాలను పంచారుగానీ గొరవయ్యలను ఎవరూ పంచలేదు.

పోలీసులు ఏటా వందల్లో వస్తారు, కర్రలు ముందే పట్టుకుంటారు, కెమెరాలు పెడతారు. ఊళ్లవాళ్లు మాత్రం ఇది కొట్లాట కాదు, పండగ అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. తల పగిలిన కుర్రాడి ఇంట్లో ఆడవాళ్లను అడిగితే మూడో మాట కూడా వినబడుతుందనుకుంటాను.

ఒక ఆనకట్ట, మూడు రాష్ట్రాలు

దేవరగట్టుకు ఉత్తరాన తుంగభద్ర. ఆ నది మీద రాజోలిబండ ఆనకట్ట ఒక కొస కర్ణాటకలో రాయచూరు జిల్లాలో ఉంటుంది. రెండో కొస ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఉంటుంది. నీళ్లు పోయేది ఎక్కువగా తెలంగాణకు. ఎడమ కాలువ 143 కిలోమీటర్లు. అందులో మొదటి 42 కిలోమీటర్లు కర్ణాటక నేలమీదే నడుస్తుంది. లెక్క ప్రకారం కర్ణాటకలో 5,879 ఎకరాలు తడపాలి, తెలంగాణలో గద్వాల, అలంపురం వైపు 87,500 ఎకరాలు. హైదరాబాదు సంస్థానం రోజుల్లో తలపెట్టినప్పుడు ఆ కాలువ రెండు దరులూ ఒకే రాజ్యం. తర్వాత సంస్థానం ముక్కలైంది, రాయచూరు మైసూరుకు పోయింది, 2014లో తెలంగాణ విడిపోయింది. రాయి ఒక్కటే, దాని మీద హక్కుదారులు ముగ్గురు. ఆనకట్ట ఎత్తు అడుగు పెంచాలన్నా, ఒక షట్టరు దించాలన్నా రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డ సందర్భాలున్నాయి.

కర్నూలు పడమటి ఊళ్లకు దక్కిన నీళ్ల కథ ఇంకోరకం. తుంగభద్ర దిగువ కాలువ హోసపేట దగ్గర డ్యామ్‌లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు తుంగభద్ర బోర్డు చేతిలో నడిచాకగానీ ఆంధ్రా చేతికి రాదు. దారి పొడవునా ఎవరి మోటారు వాళ్లది. చివరి ఊరికి చేరేది కాలువలో మిగిలింది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతుల గుండె ఎందుకు జారిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

నీళ్లు అందని ఊళ్లవాళ్లు సుగ్గికి పోతారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు అది పండగ పేరు కాదు. పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరుకో తెలంగాణకో పిల్లాజెల్లాతో వలసపోవడం. ఇంటికి తాళం, గడప దగ్గర ముసలమ్మ, బడి హాజరుపట్టీలో ఖాళీ గళ్లు. దీన్ని ఏ రికార్డుల పుస్తకంలోనూ ఎక్కించరు.

మన్రో చూడని బండలు

1827 జూలైలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో గుత్తి నుంచి పత్తికొండకు బయల్దేరాడు. దత్త మండలాలకు ఏడేళ్లు కలెక్టరుగా ఉండి, రైతువారీ పద్ధతి పెట్టి, ఇంటికి పోయేముందు పాత జనాన్ని ఒకసారి చూసి వద్దామని వచ్చినవాడు. అప్పుడు ఆ వైపంతా కలరా. జూలై 6న పత్తికొండలో ఉదయం వాంతులు మొదలయ్యాయి, రాత్రికి ప్రాణం పోయింది.

గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో గుత్తికి పది పన్నెండు కిలోమీటర్లలో ఎర్రగుడి వస్తుంది. అనంతపురం జిల్లా అంచు దాటితే కర్నూలు జిల్లాలో తగిలే ఊరు. ఊరికి కాస్త దూరంలో ఏనుగుకొండ అని గుట్ట. ఆ గుట్ట మీది బండల నిండా అశోకుడి రాతలు. అవి అప్పటికి రెండు వేల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. ఈ దారిన పోయిన దొరల్లో ఒక్కరూ వాటిని పట్టించుకోలేదు. మన్రో చూసినా చదవలేకపోయేవాడు, బ్రాహ్మీ లిపి గుట్టును ప్రిన్సెప్ విప్పింది మరో పదేళ్లకు, 1837లో. గొర్రెల కాపరులకు ఆ గీతలు తెలుసు, చదువుకున్నవాళ్లకు తెలియదు. చివరికి 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు రాళ్లు వెతుక్కుంటూ వచ్చి రాతలు పట్టుకున్నాడు.

ఎర్రగుడి ఘనత ఏమిటంటే, అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ, రెండు చిన్న శిలాశాసనాలూ ఒకేచోట దొరికాయి. పెద్ద శాసనాలను ఆయన సామ్రాజ్యం అంచుల్లో వేయించాడు. గుజరాత్‌లో గిర్నార్, ఉత్తరాన కాల్సీ, పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ, ఒడిశాలో ధౌలి. దక్షిణాన ఆ పద్నాలుగూ ఉన్నది ఎర్రగుడిలో. పాటలీపుత్రంలో కూర్చున్న చక్రవర్తికి దక్షిణపు పొలిమేర రాయి ఇక్కడ కావాల్సి వచ్చిందన్నమాట.

ఇంకో చిత్రం దగ్గరికెళ్లి చూస్తేగానీ తెలియదు. ఇక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అరక తోలే రైతు చాలు చివర ఎద్దులను తిప్పుకుని అదే పక్కన వెనక్కి వచ్చినట్టు. అశోకుడి రాతలన్నింట్లో ఈ పద్ధతి ఇక్కడే కనబడుతుంది. చెక్కినవాడికి వాయవ్యంలో వాడే, కుడి నుంచి ఎడమకు రాసే ఖరోష్ఠీ లిపి అలవాటేమోనని కొందరి ఊహ. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో చపడ అనే లేఖరి తన వృత్తిని ఖరోష్ఠీలోనే చెక్కుకున్నాడు కాబట్టి ఆ ఊహను కొట్టిపారేయలేం. కొత్తవాడికి పని నేర్పుతూ గజిబిజి చేశారనే వాళ్లూ ఉన్నారు. నాకు ఆ రెండోది ఎక్కువ నచ్చుతుంది.

శాసనంలో చెప్పింది మాత్రం తేలిక మాటలే. రజ్జుకుడు అనే అధికారి భేరి మోగించి పల్లెజనానికి చాటించాలి: తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణులపట్ల దయగా ఉండండి, నిజం చెప్పండి. మన ఊళ్లలో దండోరా వేయించే తతంగానికి ఇంతకంటే పాత ఆధారం నాకు తెలిసి లేదు.

ఎర్రగుడి పక్కనే జొన్నగిరి. అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి ఇదేనని చాలామంది పండితుల మాట. కాదు, మా కొప్పళ జిల్లా కనకగిరే అని కర్ణాటకలో ఇంకో వాదం. సరిహద్దు తగాదా మౌర్యుల దాకా పోయిందన్నమాట! జొన్నగిరి తరఫు సాక్ష్యం నేల ఇస్తోంది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రైవేటు రంగంలో పెద్ద ఎత్తున తలపెట్టిన మొదటి బంగారు గని ఇక్కడిదే. బంగారం కంపెనీలది, వజ్రం మాత్రం ఎవరికి దొరికితే వాళ్లది అన్నట్టుంటుంది ఇక్కడి తీరు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర ఎర్రనేలల్లో జనం వంగిన నడుం ఎత్తకుండా నడుస్తుంటారు. అనంతపురం నుంచి, కడప నుంచి, బళ్లారి నుంచి వస్తారు. చెట్ల కింద, గుడి అరుగుల మీద పడుకుంటారు. వాన మట్టిని కడిగాక రాయి మెరుస్తుంది, పొద్దు వాలేవేళ ఏటవాలు వెలుగులో ఇంకా బాగా కనబడుతుంది. దొరికినవాడి దగ్గరికి వ్యాపారులు తామే వస్తారు, ధర పక్కవాడికి తెలియకుండా గుట్టుగా చెబుతారు. నగదూ బంగారమూ ఇచ్చి పట్టుకుపోతారు. విత్తనం వేసిన రైతు మాత్రం చేలో ఎవరూ అడుగు పెట్టొద్దని బోర్డు పాతుతాడు. వజ్రం దొరకని ఏడుంటుంది, కంది పండాల్సిన అవసరం లేని ఏడుండదు.

నాపరాళ్ల కింద

తూర్పున పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలు మూడూ కలిసే మూల కొలిమిగుండ్ల. నాపరాళ్ల దేశం. ఇంటి గోడ, పైకప్పు, పొలం గట్టు, పశువుల తొట్టి అన్నీ ఆ బండలే. ఆ సున్నపురాతి పొర కింద బెలుం గుహలున్నాయి. పొడవు 3,229 మీటర్లు. మన దేశంలో మేఘాలయ గుహల తర్వాత అంతటివి, మైదాన ప్రాంతంలో అన్నిటికంటే పొడవైనవి ఇవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి ప్రస్తావన చేశాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ తొంగిచూడలేదు. 1982, 83లలో డేనియల్ గెబోయర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి కొలిచింది. పైన చేను, నడుమ బావిలాంటి గొయ్యి, దాంట్లోంచి దిగితే గుహ. అన్నిటికంటే లోతు 46 మీటర్లు, అక్కడ పాతాళగంగ. లోపల ఉక్కపోత బయటి ఎండను మరిపిస్తుంది.

బనగానపల్లె దగ్గర జ్వాలాపురం మాత్రం అంతకంటే పెద్ద వింత. పేరు వినడానికి కల్పించినట్టుంటుంది గానీ ఊరి పేరు నిజంగా అదే. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు లేదంటారు. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చిన బూడిద జుర్రేరు వాగు లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి పేరుకుంది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ బూడిద కిందా పైనా రాతి పనిముట్లు తవ్వి తీసి, అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికే ఉన్నారని 2007లో ప్రకటించింది. శాస్త్రజ్ఞులు రాకముందే ఊళ్లవాళ్లకు ఆ బూడిద విలువ తెలుసు. అంట్లు తోమే పొడికి బాగా పనికొస్తుందని తవ్వి లారీలకెత్తారు.

ఈ బనగానపల్లె 1948 దాకా మద్రాసు రాష్ట్రం మధ్యలో వేరే రాజ్యం. తొమ్మిది తుపాకుల సలాము అందుకునే నవాబు ఉండేవాడు. మద్రాసు కింద ఉన్న అయిదు సంస్థానాల్లో తెలుగు నేల మీదిది ఇదొక్కటే. రాజ్యం పోయింది, మామిడి మిగిలింది.

కడప వైపు

పూర్తిగా తెలుగులో దొరికిన మొదటి శాసనం ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో ఉంది. క్రీ.శ. 575 ప్రాంతానిది, రేనాటి చోళుడు ధనంజయుడిది. చెన్నకేశవుడి గుడి ఆవరణలో నిలబెట్టిన రాయి. రేనాడంటే అటు బాదామి చాళుక్యులకూ ఇటు కంచి పల్లవులకూ నడుమ నలిగిన సీమ. పెద్ద రాజులిద్దరూ ఎక్కువగా సంస్కృతాన్ని పట్టుకుని వేలాడుతుంటే, అంచున ఉన్న చిన్న రాజు తన ఊరివాళ్లకు అర్థమయ్యే మాటలో రాయించుకున్నాడు. ఈ రాయి పుట్టిన ఊరికి దగ్గరలోనే ఇప్పుడు రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు లేచాయి. బస్సులో పోయేవాళ్లు చూసేది వాటినే.

బద్వేలు వైపు లంకమల చిట్టడవిలో రెడ్డిపల్లె దగ్గర 1986 జనవరిలో కలివికోడి బతికి దొరికింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందని రాసేసిన పిట్ట. రాత్రిపూట తిరుగుతుంది, పొదల నడుమ పరుగెడుతుంది, అరుపు తప్ప ఆచూకీ ఇవ్వదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి అధికారులను అడగలేదు, వేటకు పోయే పల్లెవాళ్లను అడిగాడు. వాళ్లకు అది ఎన్నడూ అంతరించలేదు. తర్వాత దాని కోసం అభయారణ్యం ప్రకటించారు, తెలుగుగంగ కాలువ దారి మళ్లించారు. సీమలో కాలువను వంచగలిగిన ప్రాణి అదొక్కటే అయ్యుంటుంది.

మిగిలినవి

ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రుడు, కాళికాదేవిల ప్రేమ తగాదాలో ఒకరు అటు, ఒకరు ఇటు. పిడకలు అయిపోయాక పెళ్లి చేసి కలుపుతారు. ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. మీసాలు తీయరు.

కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం కొండలరాయుడికి తేళ్లే కానుక. కొండ మీద రాళ్లెత్తి తేళ్లు పట్టుకుని, అరచేతిలో, కొందరైతే నాలుక మీద పెట్టుకుని దేవుడి దగ్గరికి పోతారు. కుడితే గుడి చుట్టూ మూడుసార్లు తిరిగితే నొప్పి దిగిపోతుందంటారు. నేనైతే ఆ మూడు చుట్లూ ఆసుపత్రి దారిలో వేస్తాను.